రిక్సియా పాకెట్ మీద పేరు: లివర్‌వర్ట్‌ల వర్గీకరణలో జన్యుసాక్ష్యం

(తిరుపతిలో వృక్షశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు నమస్కారం, విద్యార్థులకు ఆశీస్సులు.

ఉదయం ఇక్కడికి వచ్చినప్పుడు నేను నేరుగా ఈ హాలులోకి రాలేదు. మీ ప్రయోగశాల వెనక, ఉత్తరం వైపు గోడ మొదట్లో, నీళ్ళ ట్యాంకు పొంగి కారే చోట కాసేపు గొంతుక్కూర్చున్నాను. పది రోజులుగా వానలు పడుతున్నాయి కదా, అక్కడి ఇటుకల సందుల్లో అర్ధరూపాయి బిళ్ళంత పచ్చటి గుండ్రాలు నాలుగైదు కనిపించాయి. అటుగా వచ్చిన అటెండరు గారు నన్ను చూసి, "అది పాచి సార్, పండగకి సున్నం కొట్టిస్తాం, పోతుంది" అని నాకు ధైర్యం చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. మన ఇళ్ళలో తడి గోడ మీద పచ్చగా కనిపించే ప్రతిదానికీ పాచి అనో నాచు అనో ఒకటే పేరు. శైవలమైనా అదే, మాస్ అయినా అదే, మాస్‌కు బంధువైన లివర్‌వర్ట్ అనే చిన్న మొక్క అయినా అదే.

లెన్సు తీసి చూశాను. ప్రతి గుండ్రంలోనూ మధ్య నుంచి బయలుదేరిన పాయ ఒకటి రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్ళీ రెండేసిగా చీలుతాయి. పాయ నడుమ నాగలి చాలులాంటి సన్నని గాడి ఉంటుంది. తిరగేస్తే అంచుల వెంట వంగపండు రంగు పొలుసులు కనిపిస్తాయి. గాడిలో అక్కడక్కడా నల్లని చుక్కలున్నాయి, అవి థాలస్, అంటే బల్లపరుపు మొక్కదేహం, లోపలే కూరుకుపోయిన సిద్ధబీజాల (స్పోర్ల) సంచులు. ఇంకేముంది, రిక్సియా. వృక్షశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరూ రికార్డు పుస్తకంలో బొమ్మ గీసిన రిక్సియా. అయితే ఏ రిక్సియా? ఈ ప్రజాతిలో (జీనస్‌లో) ప్రపంచవ్యాప్తంగా నూటయాభైకి పైగా జాతులున్నాయి. గోడ పక్కన కూర్చుని అది ఏ జాతో నేను చెప్పలేకపోయాను. నలభై ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయాను, జన్యువు చదివితే చెప్పగలిగేవాణ్ణా అన్నదే ఈ రోజు నా విషయం.

లివర్‌వర్ట్‌లంటే ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు కనుక త్వరగా ముగిస్తాను. కొన్నిటి థాలస్ కాలేయం తమ్మెల్లా కనిపించడం వల్ల ఐరోపా వాళ్ళు వెనకటి రోజుల్లో వీటిని కాలేయపు జబ్బులకు మందనుకున్నారు, ఆ పేరు అలా నిలిచిపోయింది. ప్రపంచంలో ఏడు వేల పైచిలుకు జాతులున్నాయి. వేర్లు లేవు, ఒకే కణంతో ఏర్పడిన మూలతంతువులున్నాయి. పత్రరంధ్రాలు లేవు. చాలా వాటి కణాల్లో తైలదేహాలు, అంటే నూనె నిండిన చిన్న సంచులు, ఉన్నాయి. ఈ తైలదేహాలను గుర్తుపెట్టుకోండి, చివర్లో వీటితో పని ఉంది. మనం చూసే పచ్చటి భాగమంతా సంయోగబీజదం, అంటే కణంలో క్రోమోసోములు ఒకే ప్రతిగా ఉండే ఏకస్థితిక దశ. రిక్సియా, మార్కాన్షియా పటాలు చూసి లివర్‌వర్ట్‌లన్నీ బల్లపరుపు ముక్కలే అనుకుంటాం గానీ, నిజానికి వాటిలో ఎక్కువ జాతులు ఆకులున్నవే. చెట్టు బెరడు మీద మాస్‌లా కనిపించే వాటిలో చాలా వరకు అవే.

ఇక వీటిని జాతులుగా విడదీయడం ఎందుకు అంత కష్టం? చిత్తూరు జిల్లా వాళ్ళకు మామిడి ఉదాహరణ చెబితే సులభంగా అర్థమవుతుంది. నర్సరీలో బేనీషా అంటు, తోతాపురి అంటు పక్కపక్కన పెడితే ఎంతో అనుభవం ఉన్న రైతు తప్ప ఆకు చూసి చెప్పలేడు. మనం చీటీని నమ్మి కొనుక్కుంటాం. నాలుగైదేళ్ళకు కాయ కాసినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. లివర్‌వర్ట్‌ల విషయంలో మనం ఎప్పుడూ ఆ నర్సరీలోనే ఉంటాం. మన చేతికి దొరికే నమూనాల్లో చాలా వాటికి సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలను తయారుచేసే భాగం, ఉండదు. పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. ఒక తుమ్మచెట్టును వర్ణించడానికి వంద లక్షణాలు దొరికితే, రిక్సియాను వర్ణించడానికి పది దొరకడం కష్టం. ఆ పదిలోనూ సగం తడికీ ఎండకీ మారిపోతాయి. నీడలో వెడల్పుగా పెరిగిన థాలస్‌నే ఎండలో పెడితే సన్నగా, ఊదారంగు తిరిగి, వేరే జాతిలా కనిపిస్తుంది. పాతకాలపు శాస్త్రవేత్తలు ఒకే మొక్కకు పది పేర్లు పెట్టారంటే, పది మొక్కలకు ఒకే పేరు పెట్టారంటే అది వాళ్ళ అజాగ్రత్త అనుకోకండి. మొక్క వాళ్ళకు అంతకంటే ఎక్కువ ఏమీ చూపించలేదు.

లక్షణాలు అంత తక్కువగా ఉన్న చోట జన్యువు అక్కరకు వస్తుంది. హరితరేణువులోని ఆర్‌బీసీఎల్ అనే ఒక్క జన్యువులోనే సుమారు 1,400 అక్షరాలున్నాయి. ప్రతి అక్షరమూ పోల్చి చూడదగిన లక్షణమే. పది లక్షణాల దగ్గర దేవులాడుకునేవాడికి 1,400 దొరికితే ఎలా ఉంటుంది? పైగా లివర్‌వర్ట్‌లు మనకు ఒక మేలు చేశాయి. ఇవి ఏకస్థితికాలు కనుక కేంద్రకంలోని జన్యువుకు కూడా ఒకే ప్రతి ఉంటుంది. వేపాకు నుంచి జన్యువు చదివితే తల్లి ప్రతి, తండ్రి ప్రతి రెండూ కలగాపులగంగా వస్తాయి, వాటిని విడదీసుకోవాలి. లివర్‌వర్ట్‌లో ఆ గొడవ సాధారణంగా ఉండదు. ఉన్నది ఒక్కటే పాఠం, దాన్ని సూటిగా చదువుకోవచ్చు.

పద్ధతి గురించి నాలుగు మాటలు. బియ్యపు గింజంత ముక్క చాలు. శుభ్రంగా కడిగి, సిలికా జెల్‌లో వేసి త్వరగా ఆరబెట్టాలి. సీటాబ్ అనే రసాయన ద్రావణంలో నూరి డీఎన్ఏ బయటికి తీస్తాం. మనకు కావలసిన జన్యువును మాత్రమే పీసీఆర్‌తో లక్షల ప్రతులుగా పెంచి, దాని అక్షరాల వరుసను చదివిస్తాం. మొక్కలను డీఎన్ఏతో గుర్తుపట్టే బార్‌కోడుకు ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండు హరితరేణువు జన్యువులను 2009లో అంతర్జాతీయంగా సిఫారసు చేశారు. దగ్గరి జాతులను విడదీయడానికి కేంద్రకంలోని ఐటీఎస్ భాగాన్ని కూడా చదువుతారు. వినడానికి వంటకం రాసినంత సులువుగా ఉంది కదా?

అంత సులువు కాదని నేను నా చేతులతోనే నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం అటవీశాఖ అనుమతితో శేషాచలం కొండల్లో ఒక జలపాతం పక్క చెట్టు బెరడు మీద నుంచి ఆకుల లివర్‌వర్ట్ ఒకటి తెచ్చాను. చీకటి పడుతోంది, జలగలు పట్టుకుంటున్నాయి. తొందరలో అరచేయంత పొరను లేపి, నమూనాలు దాచే కాగితపు పాకెట్ ఒక్కదానిలోనే పెట్టేశాను. తర్వాత ఐటీఎస్ చదివించి, ఫలితాన్ని జెన్‌బ్యాంక్ అనే జన్యువరుసల భాండారంతో పోల్చి చూస్తే ఏం వచ్చింది? శిలీంధ్రం. మొక్క మీదా, మొక్క లోపలా కాపురం ఉన్న శిలీంధ్రం డీఎన్ఏ ముందుగా పెరిగిపోయింది. సరే, ఆర్‌బీసీఎల్ చదివించాం. ఈసారి లివర్‌వర్టే వచ్చింది గానీ, మేము పాకెట్ మీద రాసుకున్న ప్రజాతి కాదు. సూక్ష్మదర్శిని కింద ఆ పొరను సూదులతో విడదీస్తే అందులో మూడు రకాల మొక్కలు జడలా అల్లుకుని ఉన్నాయి. మేము ఒకదాన్ని చూసి పేరు రాశాం, ఇంకొకదాన్ని నూరాం. యంత్రం తప్పు చెప్పలేదు, దానికి ఇచ్చినదాన్ని చదివింది. తప్పు నాది.

ఇప్పుడు రిక్సియా దగ్గరికి వద్దాం. మీరు పాఠ్యపుస్తకంలో బ్రయోఫైటా, అంటే లివర్‌వర్ట్‌లు, మాస్‌ల వంటి మొక్కల అధ్యాయాన్ని ఏ వరుసలో చదివారు? ముందు రిక్సియా, తర్వాత మార్కాన్షియా, తర్వాత పెల్లియా, ఆ పైన ఆంథోసిరాస్, చివర ఫ్యునేరియా. అవునా? ఈ వరుస వెనక ఒక సిద్ధాంతం ఉంది. రిక్సియా సిద్ధబీజదానికి పాదం లేదు, కాడ లేదు, ఉన్నదల్లా ఒక గుళిక. గుళిక పగలడానికి ఏర్పాటూ లేదు, థాలస్ కుళ్ళిపోతేనే సిద్ధబీజాలు బయటపడతాయి. ఇంత సరళమైనది కనుక ఇదే ఆదిమం అనుకున్నారు. గుళికలోని కణాలు కొద్దికొద్దిగా వంధ్యంగా, అంటే సిద్ధబీజాలు చేయనివిగా, మారుతూ పాదం, కాడ, సిద్ధబీజాలను వెదజల్లే ఎలేటర్లు ఏర్పడ్డాయని బోవర్ అనే వృక్షశాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో వాదించాడు. తరతరాల విద్యార్థులు పరీక్షల్లో ఆ సమాధానమే రాశారు. నేనూ రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి.

దీనికి ఎదురు చెప్పినవారు లేకపోలేదు. లాహోరులో పనిచేసిన శివరామ్ కశ్యప్ పశ్చిమ హిమాలయాల లివర్‌వర్ట్‌లను ఏళ్ళ తరబడి తిరిగి సేకరించారు. భారతీయ బ్రయోఫైటా అధ్యయనానికి ఆద్యుడని ఆయనకు పేరు. ఆయన పుస్తకం రెండు భాగాలు 1929లోనూ 1932లోనూ వచ్చాయి. ఆ కొండల్లో ఆయన చూసినది ఏమిటంటే, సంక్లిష్టమైన థాలస్ ఉన్న లివర్‌వర్ట్‌లలోనే కొన్నిటిలో వాయుగదులు చిన్నవవుతూ, స్త్రీబీజాశయాలను మోసే దండాలు పొట్టివవుతూ, చివరికి మాయమవుతూ పోయే రూపాల వరుస. మెట్లు ఎక్కినవాడి అడుగులూ దిగినవాడి అడుగులూ ఒక్కలాగే కనిపిస్తాయి. బోవర్ ఎక్కడం అన్నదాన్ని కశ్యప్ దిగడం అన్నారు. రిక్సియా సరళంగా మొదలైనది కాదు, ఉన్నవి పోగొట్టుకుని సరళమైనదని 1919 నాటికే రాశారు. ఐరోపాలో గోబెల్ వంటి వృక్షశాస్త్రవేత్తలూ ఆ దిశగానే ఆలోచించారు. కానీ ఎక్కడమా దిగడమా అన్నది ఆకారం చూసి తేల్చడం ఎలా?

జన్యువులు తేల్చాయి. రిక్సియా నిజంగా ఆదిమమైతే లివర్‌వర్ట్‌ల వంశవృక్షంలో అది మొదట్లోనే విడిపోయిన కొమ్మ కావాలి. ఆర్‌బీసీఎల్‌తోనూ ఇతర జన్యువులతోనూ గీసిన వృక్షాల్లో అది మార్కాన్షియా బంధువర్గం లోపల, చాలా లోతున, రిక్సియోకార్పస్, ఆక్సిమిట్రాల పక్కన కూర్చుంది. మొదట్లో విడిపోయిన కొమ్మ మీద ఉన్నవి ట్రూబియా, హాప్లోమిట్రియం. హాప్లోమిట్రియం చిన్న కాడలా నిటారుగా నిలబడే మొక్క, ఆకులున్నాయి, మూలతంతువులు లేవు. ట్రూబియా తమ్మెలతో నేల మీద పరుచుకునే మొక్క. ఈ రెండూ అక్కాచెల్లెళ్ళని ఆకారం చూసి చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. కశ్యప్ 1934లోనే పోయారు, డీఎన్ఏ నిర్మాణం తెలియడానికి దాదాపు రెండు దశాబ్దాల ముందే. లెన్సుతో, కాలినడకతో ఆయన పట్టుకున్న సంగతి అది. మన ప్రశ్నపత్రాల్లో మాత్రం రిక్సియా ఆదిమత్వం ఇంకా ఐదు మార్కుల ప్రశ్నగానే నడుస్తోంది. ప్రశ్నపత్రాలు రాసేవారు ఈ హాల్లో ఉంటే వింటున్నారనే అనుకుంటాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే జన్యువు చెప్పిందే వేదం అనుకుంటారు. 1998లో మైటోకాండ్రియా జన్యువుల్లోని మూడు ఇంట్రాన్లను, అంటే జన్యువు మధ్యలో ఉండే, ప్రోటీనుకు సంకేతం కాని ముక్కలను పరిశీలించారు. అవి మాస్‌లలోనూ ఆంథోసిరాస్ వర్గంలోనూ నాళికా మొక్కల్లోనూ ఉన్నాయి, లివర్‌వర్ట్‌లలోనూ శైవలాల్లోనూ లేవు. కాబట్టి నేల మీది మొక్కలన్నిటిలో లివర్‌వర్ట్‌లే మొదట విడిపోయాయని తీర్మానించారు. చక్కటి తర్కం. పత్రరంధ్రాలు లేకపోవడం కూడా దానికి అతికినట్టు సరిపోయింది. తర్వాత 2014 నుంచి వందల కేంద్రక జన్యువులతో చేసిన విశ్లేషణలు లివర్‌వర్ట్‌లు, మాస్‌లు ఒకే తల్లి పిల్లలనే వైపు మొగ్గాయి. అదే నిజమైతే ఆ ఇంట్రాన్లు లివర్‌వర్ట్‌లలో ముందు నుంచీ లేకపోవడం కాదు, ఉండి పోయాయి. పత్రరంధ్రాల సంగతీ అంతే. చూశారా, రిక్సియా విషయంలో మన తాతలు చేసిన పొరపాటునే జన్యువు చేతిలో పెట్టుకుని మనమూ చేశాం. లేనిదాన్ని చూసి ఇంకా రానిది అనుకున్నాం, వచ్చి పోయినదేమో అని అడగలేదు.

ఒకేలా కనిపించే వేర్వేరు జాతులు

ఇంతవరకు పెద్ద కొమ్మల గురించి మాట్లాడాం. జాతి స్థాయికి దిగితే విషయం ఇంకా రుచిగా ఉంటుంది.

లిన్నేయస్ 1753లో మార్కాన్షియా కోనికా అని పేరు పెట్టిన మొక్క ఒకటుంది, ఇప్పుడు దాన్ని కోనోసెఫాలమ్ కోనికమ్ అంటాం. పాము చర్మంలా గళ్ళుగళ్ళుగా ఉండే పెద్ద థాలస్. ఐరోపా అంతటా ప్రతి వృక్షశాస్త్రవేత్తా చూసినది, ఎవరికీ అనుమానం లేనిది. పోలండు శాస్త్రవేత్తలు దాని ఎంజైముల రకాలను జెల్ మీద పరుగెత్తించి చూస్తే, ఒకే పేరున్న మొక్కలు రెండు గుంపులుగా విడిపోయాయి. పక్కపక్కనే పెరుగుతున్నా ఆ రెండు గుంపుల ఎంజైములు కలగలిసిన మొక్కలు లేవు. అంటే అవి ఒకదానితో ఒకటి సంపర్కం చెందడం లేదు. ఇక్కడ నాకు నచ్చే విషయం ఏమిటంటే, వాళ్ళు వెంటనే కొత్త పేరు పెట్టి చేతులు దులుపుకోలేదు. ఏళ్ళ తరబడి మళ్ళీ మొక్క వైపు చూశారు. ఒకదాని పైభాగం నునుపుగా మెరుస్తుంది, రెండోదాని పైభాగం మెరుపు లేకుండా, గళ్ళ హద్దుల వెంట గాడులు దిగి గరుకుగా ఉంటుంది. అలా కంటికి కనిపించే తేడాను పట్టుకున్నాకే 2005లో రెండోదానికి కోనోసెఫాలమ్ సలెబ్రోసమ్ అని పేరు పెట్టారు. సలెబ్రోసమ్ అంటే లాటిన్‌లో గరుకైనది అని. ఆ గరుకుతనం 250 ఏళ్ళుగా అందరి కళ్ళ ముందే ఉంది. అక్కడ చూడమని చెప్పేవారు లేకపోయారు.

జన్యుసాక్ష్యం గురించి నేను చెప్పదలచుకున్నది మొత్తం ఈ ఒక్క ఉదాహరణలో ఉంది. అది మొక్కకు పేరు పెట్టదు. ఎక్కడ మళ్ళీ చూడాలో చెబుతుంది.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. ఐరోపాలో తడి అడవుల్లో, మాస్ పొర కింద చీకట్లో, పాలిపోయిన తెల్లని లివర్‌వర్ట్ ఒకటి పెరుగుతుంది. దానిలో పత్రహరితం లేదు. శిలీంధ్రం ద్వారా పక్కనున్న బిర్చి చెట్ల ఆహారాన్ని దొంగిలించి బతుకుతుంది. ఇంత వింత మొక్కకు వేరే ప్రజాతి ఉండాలి కదా అని 1933లో క్రిప్టోథాలస్ అని పేరు పెట్టారు. జన్యువులు చదివితే అది అన్యూరా ప్రజాతి లోపలే కనిపించింది. దానితో 2008లో అన్యూరా మిరాబిలిస్ అని మార్చారు. రంగు పోయినంత మాత్రాన ఇంటిపేరు మారదు కదా. ప్రెయిసియా అనే మరో ప్రజాతి కథ ఇంకా ముచ్చటైనది. పద్దెనిమిదో శతాబ్దంలో స్కోపోలి దాన్ని మార్కాన్షియా క్వాడ్రాటా అన్నాడు. తర్వాతివారు వేరు చేసి ప్రెయిసియా అన్నారు. 2016లో డీఎన్ఏ చూసి దాన్ని మళ్ళీ మార్కాన్షియాలోకే తెచ్చారు. పుట్టింటి నుంచి వెళ్ళిన పిల్ల రెండు వందల ఏళ్ళకు తిరిగొచ్చింది.

ఇంకొకటి, అక్వేరియం పెట్టుకునే పిల్లలు ఉంటే వినండి. చేపల తొట్టెల్లో పెంచే ఒక పచ్చటి రిబ్బన్ల మొక్కను జర్మన్ పేరుతో, మంచినీటి సముద్రనాచు అనే అర్థంతో అమ్ముతుండేవారు. చూసినవాళ్ళు లివర్‌వర్ట్ అనుకున్నారు. అది ఎన్నడూ సిద్ధబీజాలు వేయదు, కనుక తేల్చే దారి లేదు. 2009లో హరితరేణువు జన్యువులు చదివితే అది లివర్‌వర్టూ కాదు, మాసూ కాదు, లొమారియాప్సిస్ అనే ఫెర్న్ బంధువు తాలూకు సంయోగబీజదం. పెద్దదై ఫెర్న్‌గా మారడం మానేసి, జీవితమంతా పసిదశలోనే గడిపేస్తోంది. కాయ కాయని మామిడి అంటును ఆకు చూసే పోల్చుకోవడం ఇలా ఉంటుంది.

అలాగని ప్రతిసారీ డీఎన్ఏ కోసమే కాచుకోనక్కరలేదు. టకాకియా అనే హిమాలయ మొక్కను చాలా కాలం లివర్‌వర్ట్ అనుకున్నారు. 1990లో అల్యూషియన్ దీవుల్లో దాని సిద్ధబీజదాలు దొరికాయి. వాటిని చూడగానే అది మాస్ అని తేలిపోయింది. జన్యువులు తర్వాత దాన్నే బలపరిచాయి. కాయ దొరికితే కాయే మొదటి సాక్షి.

ఒక్క జన్యువు చాలదు

ఇక విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న. హరితరేణువు జన్యువు ఒకటి చదివితే చాలదా సార్, అన్నీ ఎందుకు?

మనలో గోత్రం తండ్రి వైపు నుంచి వస్తుందంటాం. పెల్లియా అనే లివర్‌వర్ట్ మీద చేసిన పరిశోధనల్లో హరితరేణువు, మైటోకాండ్రియా రెండూ తల్లి వైపు నుంచే వస్తాయని తేలింది. పెల్లియా బొరియాలిస్ అనే మొక్క రెండు వేర్వేరు పెల్లియాల సంకరం. ఆ రెండిటికీ తొమ్మిదేసి క్రోమోసోములు, దీనికి పద్దెనిమిది. దాని హరితరేణువు జన్యువును మాత్రమే చదివితే మీకు తల్లి తెలుస్తుంది. తండ్రి ఉన్నాడన్న సంగతే తెలియదు, పైగా ఆ మొక్క తల్లి జాతే అని నిశ్చింతగా రాసేస్తారు. తండ్రి కనిపించాలంటే కేంద్రకం చదవాలి. ఏకస్థితికం కనుక ఒకే ప్రతి ఉంటుందని ఇందాక చెప్పానే, ఇలాంటి సంకరాల్లో ఆ మాటకు మినహాయింపు. రెండు ప్రతులు కనిపిస్తే విసుక్కోకండి, అక్కడ ఒక పెళ్ళి జరిగిందని అర్థం.

రెండో చిక్కు వేగం. మార్కాన్షియా, రిక్సియాలున్న వర్గంలో డీఎన్ఏ మార్పులు చాలా నెమ్మదిగా జరుగుతాయి. రెండు జాతులు ఎప్పుడో విడిపోయి ఉన్నా ఆర్‌బీసీఎల్ అక్షరాలు దాదాపు ఒకేలా ఉండవచ్చు. ఇన్ని అక్షరాలు తేడా ఉంటే వేరే జాతి, లేకపోతే ఒకే జాతి అని గీత గీసే కొలబద్ద ఏదీ లేదు. ఉందని ఎవరైనా చెబితే ఏ మొక్కల మీద లెక్కకట్టారని అడగండి.

మూడోది పేరు. ఇది అన్నిటికంటే పెద్ద చిక్కు. ఈ కథ చెప్పకుండా నేను ఈ హాలు దిగి వెళ్ళను.

1986లో జపాన్‌లో రెండు బృందాలు మొక్కల హరితరేణువు జన్యురాశిని మొదటిసారి పూర్తిగా చదివాయి. ఒకటి పొగాకు. రెండోది క్యోటోలో ఒహ్యామా బృందం చదివిన లివర్‌వర్ట్, 1,21,024 అక్షరాలు. 1992లో అదే లివర్‌వర్ట్ మైటోకాండ్రియానూ పూర్తిగా చదివారు, మొక్కల్లో అది మొదటిది. అప్పుడు ఇంత పొడవు వరుస చదవడం అంటే ఏమిటో ఊహించండి. జెల్ పలకల మీద నల్లటి గీతలను కంటితో చూసి అక్షరాలు రాసుకునే రోజులవి. ఆ మొక్క పేరు మార్కాన్షియా పాలిమార్ఫా అని పాఠ్యపుస్తకాల్లో ఎక్కింది, నేనూ మూడు దశాబ్దాలు అలాగే చెప్పాను. తర్వాత అసలు మార్కాన్షియా పాలిమార్ఫా మొక్కలను తెచ్చి చదివితే వరుసలు సరిపోలేదు. ప్రయోగశాలలో పెంచిన ఆ కణాల వర్ధనం పాలిమార్ఫాది కాదు, మార్కాన్షియా పేలియేసియాది. వరుసలో తప్పు లేదు, పేరు తప్పు. ఇప్పుడు జెన్‌బ్యాంక్‌లో పేరు సరిదిద్దారు. ఈ మధ్యలో దాన్ని కొలబద్దగా పెట్టుకుని పోల్చినవాళ్ళ గతేమిటి? నేల మీది మొక్కల్లోకెల్లా మొట్టమొదట చదివిన జన్యురాశుల్లో ఒకదానికే ఇలా జరిగితే, నా జలపాతం పాకెట్‌కు జరిగిందంటే ఆశ్చర్యమేముంది? కాకపోతే నా పాకెట్‌లో మొక్క మిగిలి ఉంది, తెరిచి చూసుకోగలిగాను. 2017లో పాలిమార్ఫా కేంద్రక జన్యురాశి ప్రచురించినప్పుడు ఏ మొక్కను చదివారో దాని వంశం స్పష్టంగా తెలిసిన మొక్కనే తీసుకున్నారు.

ఇప్పుడు మన కొండల సంగతి. శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతమైంది. ఎర్రచందనం గురించి, పేరీత అనే సైకస్ మొక్క గురించి ఎన్నో సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. తలకోనలో జలపాతం వెనక తడిసే రాయి మీద, కపిలతీర్థం మెట్ల పక్క బండల మీద, మీ ట్యాంకు కింది ఇటుకల మీద ఉన్న వాటిని చూసేవారు మాత్రం తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే మనకు పంట. సంక్రాంతి దాటితే ఎండి ముడుచుకుపోతాయి, కనుక సెలవుల్లో వెళదామనుకుంటే కుదరదు. అభయారణ్యంలో సేకరణకు అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా ముట్టుకోకండి. నమూనాలను పరిశోధనకు విదేశాలకు పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద నిబంధనలున్నాయి, వాటినీ చదువుకోండి. గోటి మందం ముక్క చాలు, గోడంతా గీకకండి.

తైలదేహాల సంగతి గుర్తుపెట్టుకోమన్నాను. జాతిని గుర్తుపట్టడానికి వాటి సంఖ్య, ఆకారం, రంగు ఎంతో ఉపయోగపడతాయి. కానీ మొక్క ఎండితే అవి మాయమవుతాయి. వందేళ్ళ నాటి ఎండు నమూనాలో డీఎన్ఏ ముక్కలు దొరకవచ్చు గానీ తైలదేహాలు దొరకవు. కాబట్టి వరుస తిరగబడింది. జన్యువు తర్వాత చదువుకోవచ్చు, అది సిలికా జెల్‌లో ఆగుతుంది. సూక్ష్మదర్శిని కింద చూడటం మాత్రం ఆ రోజే, పచ్చిగా ఉన్నప్పుడే జరగాలి. ఫోన్ కెమెరాను కంటికటకానికి ఆనించి ఫొటో తీసుకోండి, ఆ రోజుల్లో మాకు అది కూడా లేదు.

ఉదయం ఆ ఇటుక మీద నుంచి తెచ్చిన రిక్సియా ఇదిగో, ఈ పెట్రీ పళ్ళెంలో ఉంది. ప్రసంగం అయ్యాక మీ ప్రయోగశాలలో దీన్ని మూడు భాగాలు చేద్దాం. ఒక పాయను నిలువుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడదాం. నల్లటి చుక్క ఒకటి పగలగొట్టి సిద్ధబీజాల పైపొర గళ్ళు లెక్కపెడదాం, రిక్సియా జాతులకు వేలిముద్ర అదే. ఒక పాయను సిలికా జెల్‌లో వేద్దాం. మిగిలినది ఎండబెట్టి పాకెట్‌లో పెట్టి, రెండిటికీ ఒకటే సంఖ్య వేద్దాం. పాకెట్ మీద తేదీ రాయండి, చోటు రాయండి, ఇటుక అని రాయండి, నీడ అని రాయండి, సేకరించినవారి పేరు రాయండి. ప్రజాతి దగ్గర రిక్సియా అని రాసి, జాతి దగ్గర ఖాళీ వదిలేయండి, పెన్సిలుతో. అటెండరు గారికి కూడా ఒక మాట చెప్పాను, ఆ గోడకు సున్నం జనవరిలో కొట్టమని.